వీపు మీద చెయ్యి

బ్రేకు మేడానికి లోకంలో నచ్చనివి బోలెడున్నాయి. మైకు దొరికితే వదలని అనౌన్సర్లు, తడి మ్యాట్ల మీద కవర్లు కప్పేసి పోయే పనివాళ్ళు, పిల్లలు పరుగెత్తుతుంటే గీత పక్కనే నిలబడి వీడియోలు తీసే తండ్రులు. కానీ వీటన్నిటికంటే ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నది తోపుడుబండి కుడిచెయ్యి.

తోపుడుబండి అంటే ఆ స్టేడియంలో పోల్ వాల్ట్ నేర్పే కోచ్. ఆ పేరు ఆవిడ పెట్టిందే. ఏడాది కిందటి దాకా ఆ ఉద్యోగం ఆవిడది. "మీ దగ్గర పిల్లలు పైకి లేవట్లేదండీ" అని సెక్రటరీ నాలుగు నెలలు నీళ్ళు నమిలి, చివరికి ఆవిణ్ణి సామాన్ల గదికి ఇన్‌ఛార్జిని చేసి, ఆ చోట ఇతన్ని కూర్చోబెట్టాడు. ఇప్పుడు పోల్స్ తుడిచి కొక్కేలకి పెట్టడం, మ్యాట్ల జిప్పులు బాగుచేయించడం, పోటీలప్పుడు జెండాలు పట్టుకుని జడ్జి కుర్చీలో కూర్చోవడం ఆవిడ పని. సెక్రటరీని ఆవిడ తిట్టలేదు. తిట్టడానికైనా ఎదుటివాడికి కొంత అర్హత ఉండాలని ఆవిడ నమ్మకం.

బ్రేకు మేడం అన్నది మాత్రం పిల్లలు పెట్టిన పేరు. అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ దగ్గర చేరినవాళ్ళకి మొదటి ఆర్నెల్లూ ఎగరడం ఉండదు, ఆగడమే. పోల్ పట్టుకుని పరుగెత్తుకు రావాలి. చివరి మూడడుగుల్లో ఆవిడ "ఆగు" అని అరవగానే పోల్‌ని ఆకాశంలోకి ఎత్తేసి పక్కకి తప్పుకోవాలి. "ఎగరడం ఏ కోతికైనా వస్తుంది. తేడా కొట్టిందని తెలిసిన క్షణంలో ఆగినవాడే మనిషి" అనేది. ఆర్నెల్లు గడిచాక కూడా ఆవిడకి ఏదో ఒక లోపం కనిపిస్తూనే ఉండేది. చెయ్యి ఆలస్యమైంది, ఆగు. అడుగు పొడుగైంది, ఆగు. పిల్లలు విసిగిపోయి కొందరు లాంగ్‌జంప్‌కీ, కొందరు ఇంటికీ పోయారు. పోయినవాళ్ళ వెనక ఆవిడ "తాలు గింజలు, గాలికి పోయాయి" అని చేతులు దులుపుకునేది.

పోల్ వాల్ట్‌లో ప్రాణమంతా ఒక్క అడుగులో ఉంటుంది. పరుగెత్తుకొచ్చి, పోల్ కొసని నేలలో పాతిన ఇనప పెట్టెలోకి దించుతూ ఎడమ కాలితో నేలని తన్నే అడుగు. అప్పటికి కుడిచెయ్యి తలపైన నిటారుగా చాచి ఉండాలి. ఆ చేతికి దారం కట్టి రాయి వేలాడదీస్తే, రాయి వచ్చి ఎడమకాలి వేళ్ళమీద పడాలి. కాలు అంతకంటే లోపలికి, పెట్టె వైపుకి పడిందంటే పోల్ మనిషిని వెనక్కి గుంజుతుంది. భుజం పట్టేస్తుంది. పోల్ పూర్తిగా నిలబడదు, మనిషి మ్యాట్ దాకా చేరదు, సగం దారిలో ఆగి సరాసరి ఆ ఇనప పెట్టెలోకే వచ్చి పడుతుంది. మడమలు, నడుము, మెడ, ఏది ముందు తగిలితే అది పోతుంది.

తోపుడుబండి పద్ధతి ఏమిటంటే, ఆ పెట్టె పక్కన కాళ్ళు వెడల్పు చేసి నిలబడతాడు. పిల్ల నేలని తన్నగానే నడుము పైన అరచెయ్యి ఆనించి ఒక్క తోపు తోస్తాడు. కాలు ఎంత లోపలికి పడినా సరే, ఆ తోపుకి పోల్ లేచి నిలబడుతుంది, పిల్ల అవతల మ్యాట్ మీద పడుతుంది. తండ్రులు చప్పట్లు కొడతారు. భయస్థులకి మొదటి వారం అలా చెయ్యి ఆసరా ఇవ్వడం ఉన్నదే. ఏడాది పొడుగునా ఇవ్వడం పగిలిన గోడకి సున్నం కొట్టడమే. ఆ మహానుభావుడైతే ఆ చేతికి సాయంత్రాలు నూనె రాసుకుంటాడని ఆవిడ పనివాళ్ళ దగ్గర విన్నది, వెంటనే నమ్మింది.

ఇదంతా ఎవరి పిల్లలకో అయితే ఆవిడ సామాన్ల గది గుమ్మంలో నిలబడి ముక్కు చిట్లించి ఊరుకునేదే. కానీ ఆ చేతికింద ఇప్పుడు అందరికంటే ఎత్తు ఎగురుతున్నది ఆవిడ చెల్లెలి కూతురు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. పెద్దమ్మ దగ్గర రెండేళ్ళు ఆగడం నేర్చుకుని, కోచ్ మారిన నెలలోనే అటు మారిపోయింది. వారం రోజుల్లో సెలక్షన్ పోటీలు. మొదటి ఇద్దరికీ రాష్ట్ర జట్టులో చోటు. జట్టులో చోటు సంగతి ఆవిడకి అనవసరం. ఆ పిల్ల చేతిలో ఉన్న పోల్ సంగతే ఆవిడకి నిద్ర పట్టనివ్వడం లేదు.

ప్రతి పోల్ మీదా అది ఎంత బరువు మనిషికో అంకె రాసి ఉంటుంది. పిల్ల బరువు యాభై నాలుగు కిలోలు. తోపుడుబండి ఇచ్చిన పోల్ మీద అరవై మూడు అని ఉంది. గట్టి పోల్ ఎత్తుకి విసురుతుంది, నిజమే, కానీ దాన్ని నిలబెట్టేంత వేగమూ సరైన అడుగూ ఉన్నవాళ్ళకి. ఆవిడ అథ్లెటిక్స్ సంఘం రూల్స్ పుస్తకం తిరగేసింది. బరువుకి తక్కువ పోల్ వాడకూడదని ఉంది. ఎక్కువ పోల్ వాడకూడదని ఎక్కడా లేదు. రాసినవాడు ఎప్పుడూ తోపుడుబండిని చూసి ఉండడని అనుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ ఇక ఉండబట్టలేక గదిలోంచి బయటికొచ్చింది. చలి పెరిగితే ఎడమ మడమ దగ్గర నొప్పి, కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. పాత దెబ్బ అంటుంది, అంతకుమించి ఎవరికీ చెప్పదు. తిన్నగా పెట్టె దగ్గరికెళ్ళి, పిల్ల బూటు గుర్తు దగ్గర సుద్దతో ఒక గీత గీసింది. కాలు పడాల్సిన చోట ఇంకో గీత గీసింది. రెండిటి మధ్యా జానెడు, ఆపైన బెత్తెడు.

"చూశారా మాస్టారూ?" అంది.

తోపుడుబండి గీతల వంక చూడలేదు. "మేడం, రిజల్ట్ చూడండి. అడ్డకర్ర బదులు రబ్బరు తాడు మూడు మీటర్ల ఇరవైలో కట్టాం. పాప పైనుంచి పోయింది."

"పాప పోలేదు. మీ చెయ్యి పోయింది. దానికి పాప అంటుకుని ఉంది."

"అది కాన్ఫిడెన్స్ మేడం. నా చెయ్యి తగలగానే పిల్లల్లో ఒక కరెంట్ పాస్ అవుతుంది. కొందరి చేతిలో అది ఉంటుంది."

"అలాగా. మరి పోటీ రోజు పెట్టె దగ్గరికి కోచ్‌ని రానివ్వరు కదా, మీ చేతిని ఎలా పంపుతారు? కొరియర్లోనా?"

గీత పక్కనున్న ఇద్దరు తండ్రులు నవ్వారు, కోచ్ చూడగానే ఆపేశారు. ఆవిడ అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆగడం నేర్పడమే గానీ, ఆవిడ నోటికి మాత్రం ఏనాడూ బ్రేకు లేదు. పిల్ల వైపు తిరిగింది. "నీకైనా బుద్ధుండక్కర్లేదా? ఆ చెయ్యి తీసేస్తే నువ్వు గోనెసంచివి."

పిల్ల మొహం ఎర్రబడింది. "గోనెసంచి అయినా ఇక్కడ పైకి లేస్తోంది పెద్దమ్మా. నీ దగ్గర రెండేళ్ళూ నేలమీదే ఉంది" అని పోల్ భుజాన వేసుకుని పరుగు మొదలుపెట్టే చోటికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది. చెల్లెలు ఇస్త్రీ చేస్తోంది. హాల్లో టీవీ పైన పిల్ల ఫొటో ఒకటి కొత్తగా పెట్టారు. గాల్లో తలకిందులుగా ఉంది పిల్ల, కింద ఒక మూల మణికట్టు దాకా తోపుడుబండి చెయ్యి. ఆ చేతిని ఫ్రేములోంచి కత్తిరించాలని కూడా తోచలేదు వీళ్ళకి, అనుకుంది బ్రేకు మేడం.

"దాన్ని ఆ పోల్ వదిలెయ్యమను" అంది కూర్చోకుండానే.

"నువ్వే చెప్పక్కా. నాకు పోల్ తెలుసా, పాడు తెలుసా."

"చెప్పాను. విననంది."

"ఎలా చెప్పావు?" చెల్లెలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "గోనెసంచి అన్నావట. నిన్న అన్నం తినలేదు అది. నాలుగు మంచిమాటలు చెప్తే నీ మాటే వింటుందక్కా, నీకు తెలీదు."

"మంచిమాటలు చెప్పడానికి నేనేమన్నా గ్రీటింగు కార్డునా?"

"రెండేళ్ళు నీ దగ్గరుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి బాగుంది అన్నావా?"

"బాగుంటే అనేదాన్ని."

చెల్లెలు చొక్కా కాలరు తిప్పి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. బ్రేకు మేడం మెట్లు దిగుతూ, ఈ ఇంట్లో బుద్ధి అన్నది తన ఒక్కదానితోనే ఆగిపోయిందని తీర్మానించుకుంది. కానీ వీధి చివరి దాకా ఆ "ఒకే ఒక్కసారి" చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

పోటీ ముందురోజు పిల్ల పోల్ సంచీ కట్టించుకోవడానికి సామాన్ల గదికి వచ్చింది. ఆవిడ అరవై మూడు పోల్ సంచీలో పెట్టింది. దాని పక్కన, పిల్ల అటు తిరిగి ఉన్నప్పుడు, యాభై అయిదు పోల్ కూడా తోసింది. పిల్ల రెండేళ్ళు వాడిన పోల్ అది. ఇటు తిరిగి దాన్ని చూసిన పిల్ల, తీసెయ్యకుండానే సంచీ భుజాన వేసుకుంది.

పోటీ రోజు తోపుడుబండి తెల్లబూట్లు వేసుకుని వచ్చాడు. కోచ్‌లు నిలబడాల్సింది కంచె అవతల, పెట్టెకి ఇరవై గజాల దూరంలో. ఆయన అక్కడ చేరి సంచీ విప్పాడు, యాభై అయిదు పోల్ బయటికి లాగి, "ఇదెవరు పెట్టారు? ఇది చిన్నపిల్లల పోల్" అని గడ్డిలోకి విసిరేశాడు. జడ్జి కుర్చీలో కూర్చున్న బ్రేకు మేడం చూసింది. జడ్జి ఆటగాళ్ళకి సలహా ఇవ్వకూడదు. చేతిలో ఒక ఎర్రజెండా, ఒక తెల్లజెండా. ఇరవై ఏళ్ళు నోటితో బతికినదాన్ని తెచ్చి నోరు కట్టేసి కూర్చోబెట్టారు.

వార్మప్‌లో పిల్ల ఒకసారి ఎగిరింది. వీపు మీద చెయ్యి లేకుండా ఏడాదిలో అదే మొదటిసారి. కాలు ఎప్పటిలాగే జానెడు లోపల పడింది. పోల్ వంగలేదు, మొండికేసింది. పిల్లని ఎడమ పక్కకి గిరాటేసింది, మ్యాట్ అంచు మీద ఒక భుజం ఆని జారి గడ్డిలో పడింది. లేచి నిలబడింది గానీ పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఇంకాస్త వెనక పడి ఉంటే పెట్టెలోనే పడేది.

"ఏం కాదు! ఏం కాదు!" కంచె మీంచి తోపుడుబండి అరిచాడు. "నా చెయ్యి ఉందనుకో! ఫీలవ్వు!"

ఫీలవ్వాలట. ఆవిడకి నవ్వు రాలేదు.

అడ్డకర్ర మొదట పెట్టిన ఎత్తు రెండు మీటర్ల ఎనభై. అభ్యాసంలో పిల్ల రోజూ దాటే ఎత్తుకంటే తక్కువ. ఎత్తుకి మూడు అవకాశాలు, ఒక్కోదానికి ఒక నిమిషం గడువు. పేరు పిలిచారు, గడియారం మొదలైంది. పిల్ల పరుగెత్తుకొచ్చింది. చివరి మూడడుగుల్లో పోల్ దిగాల్సిన చోట దిగలేదు, తిన్నగా పైకి లేచింది, పిల్ల పక్కకి తప్పుకుని నిలబడిపోయింది. వెనక్కి నడిచేలోపు నిమిషం అయిపోయింది. ఆ అవకాశం పోయిందని బ్రేకు మేడం ఎర్రజెండా ఎత్తింది. గ్యాలరీలో ఎవరో "ఏంటమ్మా, బ్రేకు పడిందా?" అని అరిచారు, జనం నవ్వారు. నవ్వుతారు మరి. టికెట్ లేకుండా వచ్చినవాళ్ళకి ఇంకేం తెలుస్తుంది.

రెండోసారీ అంతే. పరుగు, మూడడుగులు, పోల్ ఆకాశంలోకి. ఎర్రజెండా.

"ఆగొద్దు! ఆగావంటే చూడు!" తోపుడుబండి గొంతు చీరుకుపోయింది. కుడిచెయ్యి కంచె మీంచి ముందుకి చాపి గాలిని తోస్తున్నాడు. ఇరవై గజాల దూరం నుంచి. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి. పక్కనే సెక్రటరీ గంగిరెద్దులా తల ఊపుతున్నాడు. ఇంకోపక్క చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

మూడోది ఆఖరిది. మూడోసారి ఎవరూ ఆగరు. అంతమంది నవ్వాక, కోచ్ అరిచాక, తల్లి చూస్తుండగా ఆగడానికి చాలా ధైర్యం కావాలి. సిగ్గుకి ఎగిరేస్తారు. ఆవిడకి తెలుసు. ఆవిడే ఎగిరింది ఒకప్పుడు, ఇరవై రెండేళ్ళ వయసులో, మూడో ప్రయత్నంలో, కాలు జానెడు లోపల పడుతోందని తెలిసి కూడా. పెట్టె అంచుకి మడమ తగిలిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

పిల్ల పోల్ ఎత్తింది. ఈసారి ముందుకంటే వేగంగా వస్తోంది. పది అడుగులు, ఎనిమిది, ఆరు. ఆగు, అంది ఆవిడ లోలోపల. పెదాలు బిగించే ఉన్నాయి. ఆగవే. ఆగు తల్లీ. పోల్ కొస కిందికి దిగింది, పెట్టె అంచు దాకా వచ్చింది, పిల్ల ఎడమ కాలు ఎత్తింది. ఎత్తిన కాలు నేలని తన్నలేదు. పోల్ గభాలున పైకి లేచింది, పిల్ల రెండు తూలు తూలి, పెట్టెకి అడుగు దూరంలో ఒంటికాలి మీద నిలబడింది.

గడియారం మోగింది. బ్రేకు మేడం మూడోసారి ఎర్రజెండా ఎత్తింది. ఆవిడ జీవితంలో అంత సంతోషంగా ఎత్తిన జెండా లేదు.

తోపుడుబండి చేతిని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ తండ్రులతో, ఈ పిల్లకి మొదటినుంచీ మనసు గట్టిది కాదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. అది వినగానే బ్రేకు మేడానికి ఒళ్ళు మండింది, మండుతూనే తేలికపడింది. తను గెలిచింది. ఈ గాడిదల మందలో బుద్ధిగా ఆగింది తన పిల్ల ఒక్కతే, అదీ తను నేర్పిన ఆగడం. పోటీ ముగిసేసరికి మాట కూడా సిద్ధం చేసుకుంది. పిల్ల వస్తుంది, తప్పయింది పెద్దమ్మా అంటుంది, అప్పుడు తాను "ఇప్పుడు తెలిసిందా గోనెసంచి అంటే ఏంటో" అంటుంది.

పిల్ల వచ్చింది. జనం వెళ్ళిపోయారు, పనివాళ్ళు ఇంకా మ్యాట్లు తీయలేదు. భుజం మీద గడ్డి మరక. వచ్చి జడ్జి కుర్చీ ఎదురుగా నిలబడింది. ఏడవడం లేదు.

"ఆగడం బాగా నేర్పావు పెద్దమ్మా" అంది. "మూడుసార్లూ నీ గొంతే వినిపించింది. నువ్వు అరవకపోయినా వినిపించింది."

బ్రేకు మేడం నోరు తెరిచింది. సిద్ధం చేసుకున్న మాట నాలుక చివర ఉంది.

"మరి ఎగరడం ఎప్పుడు నేర్పుతావు?"

వెక్కిరింపు కాదది. పిల్ల నిజంగానే అడుగుతోంది. ఆవిడ ఆ మొహంలో వెక్కిరింపు కోసం వెతికింది, దొరికి ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది. ఏడాదంతా తోపుడుబండిని చూసి ముక్కు చిట్లించింది. వాడి చేతిలో పడేదాకా ఈ పిల్లని నేలమీద నిలబెట్టింది ఎవరు? ఎంతమందిని తాలు గింజలంది? అందరి అడుగుల్లోనూ లోపాలున్నాయి, నిజమే. కానీ లోపం దిద్దాక "ఇక ఎగురు" అన్నది ఏ ఒక్కరితోనైనా ఉందా? ఇరవై ఏళ్ళుగా ఆవిడకి భయం. భయం అని ఒప్పుకోలేక పద్ధతి అని పేరు పెట్టుకుంది, అడిగినవాళ్ళ మీద నోరు పారేసుకుంది. ఆవిడకి మొదటిసారి తనమీద తనకి అసహ్యం వేసింది. తోపుడుబండి మీద వేసినంత వేసింది.

జెండాలు కుర్చీలో పెట్టి లేచింది. గడ్డిలోకెళ్ళి, తోపుడుబండి విసిరేసిన యాభై అయిదు పోల్ తీసుకుని, తడి తుడిచి పిల్ల చేతికిచ్చింది.

"ఆరు అంగల పరుగు చాలు. పైన అడ్డకర్ర లేదు, ఎత్తు గురించి ఆలోచించకు. చెయ్యి ముందు, కాలు తర్వాత."

"ఇప్పుడా?"

"మ్యాట్ ఉందిగా."

పిల్ల వెనక్కి నడిచి, ఆరు అంగలు కొలుచుకుని నిలబడింది. బ్రేకు మేడం పెట్టె పక్కకి రాబోయి, మూడు గజాల దూరంలోనే ఆగింది. చేతులు రెండూ వెనక కట్టుకుంది. మడమ సలుపుతోంది.

పిల్ల బయల్దేరింది. నాలుగు అడుగులు. మూడు. పోల్ దిగింది. ఆవిడ కంటికి వెంటనే కనిపించింది, కాలు కొంచెం లోపలికి వస్తోంది, కొంచెమే. "ఆగు" అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆవిడ పళ్ళు బిగించి మింగేసింది.

చెయ్యి నిటారుగా పైకి వెళ్ళింది, కాలు నేలని తన్నింది, మెత్తటి పోల్ వంగి, తీరిగ్గా లేచి, పిల్లని ఎవరి సాయమూ లేకుండా తీసుకెళ్ళి మ్యాట్ నడిమధ్యన వెల్లకిలా పడేసింది. పిల్ల అలాగే పడుకుని ఆకాశంలోకి చూస్తూ నవ్వుతోంది.

బ్రేకు మేడం బూటు గుర్తు దగ్గరికి నడిచి, వంగి చూసింది. వేళ్ళు ఆనించి కొలిచింది.

"బాగుంది" అంది. అలవాటు లేని మాట. "రెండు వేళ్ళు లోపల పడింది. మళ్ళీ రా."